చెరకు తాగిన ఒపాలా

ఆ పందెం జరిగింది మొదటి వరద వెళ్ళి ఏడాది నిండవస్తున్న చలికాలంలో. రెండో వరద ఇంకా రాలేదు. ఇటజాయీ నది ఒడ్డున ఉండే మాకు సంవత్సరాలు అలాగే గుర్తుంటాయి.

ఆ మొదటి వరదలో మా మామగారి ఒపాలా కారు కప్పు దాకా మునిగింది. ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు. నీళ్ళు తీశాక షెడ్డు తలుపు లాగితే సీట్ల మీద జానెడు బురద. స్టీరింగుకి ఏవో తీగలు చుట్టుకుని ఉన్నాయి. నా భార్య ఇర్మా గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత వెళ్ళి చీపురూ బకెట్టూ తెచ్చింది.

"అక్కా, దాన్ని వదిలెయ్," అన్నాడు ఆమె తమ్ముడు వాల్మోర్. "ఇంజను నాకిచ్చెయ్. విప్పుకుని నా బండికి వాడుకుంటా."

వాల్మోర్‌దీ ఒపాలాయే. అదే ఆరు సిలిండర్ల ఇంజను. ఎర్రది, కొత్తది, పెట్రోలుది. అతని ఇల్లు కొండ మీద కాబట్టి దానికి వరద తగల్లేదు. తండ్రి కారులో అతనికీ సగం ఉంది. ఆ మాట అతను నోటితో అనలేదు. అనకపోయినా అందరికీ తెలుసు.

"నాన్న నాకు డ్రైవింగు నేర్పింది ఇందులోనే," అంది ఇర్మా. "ఇవ్వను."

"నడవని బండి ఏం చేసుకుంటావు?"

"నడుస్తుంది."

ఆదివారం భోజనాల దగ్గర ఈ తగువు మళ్ళీ వచ్చింది. బాతు మాంసం, ఎర్ర క్యాబేజీ కూర. వాల్మోర్ ఎముక చీకుతూ అన్నాడు. "సరే అక్కా, ఒక మాట. వచ్చే చలికాలం ఏరోక్లబ్ రన్‌వే మీద పందేలు పెడతారు కదా. నీ బండి నా బండిని దాటితే అది నీదే, నేనిక నోరెత్తను. దాటకపోతే ఇంజను నాది, డొక్కు నీది. అందులో కోళ్ళు పెంచుకో."

"పెంచుకుంటా. పుంజుకి నీ పేరు పెడతా," అంది ఇర్మా.

అందరూ నవ్వారు. నేను మా ఆవిడ మొహం చూశాను. ఆమె నవ్వలేదు.

ఆ రాత్రి గిన్నెలు తుడుస్తూ అడిగింది. "లీనో, పెట్రోలు పోస్తే మనం వాణ్ణి దాటగలమా?"

"లేదు."

"చెరకు ఆల్కహాల్ పోస్తే?"

ఆలోచించి, "చూడాలి," అన్నాను.

అప్పటికే మా వైపు బంకుల్లో చెరకు ఆల్కహాల్ పంపులు వచ్చేశాయి. కొత్త కార్లు దాంతోనే నడిచేలా తయారై వచ్చేవి. పాత ఇంజనుకి మాత్రం అది తాగడం నేర్పాలి. నేర్చుకుంటే లాభం ఉంది. ఆల్కహాల్ పెట్రోల్లా తొందరపడి అంటుకోదు. సిలిండర్లో గట్టిగా నొక్కినా, నిప్పురవ్వ కాస్త ముందు పడేలా పెట్టినా, ఇంజను లోపల టకటకమని కొట్టుకోదు. పైగా లోపలికి పోతూ చల్లబరుస్తుంది.

నేను తువ్వాళ్ళ మిల్లులో మగ్గాలు బాగుచేసేవాణ్ణి. సన్నటి డ్రిల్లు ముక్కలు నా దగ్గర పెట్టెడు ఉండేవి. ఇంజను విప్పి బురద కడిగాను. సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డు వంగింది. లేతు వాడి దగ్గర దాన్ని చదును చేయించేటప్పుడు, "ఇంకాస్త తియ్యి," అన్నాను. నొక్కుడు పెరుగుతుందని. పిస్టన్లు, సైలెన్సరు, గేర్లు, మిగతాదంతా మామగారు వదిలినట్టే ఉంచాను.

అసలు పని కార్బురేటర్‌లోని జెట్లది. ఇంధనం ఆ సన్నటి ఇత్తడి చిల్లుల్లోంచే పోతుంది. అంతే గాలికి పెట్రోలు గ్లాసుడు చాలితే ఆల్కహాల్ గ్లాసున్నర దాకా కావాలి. చిల్లు పెద్దది చెయ్యాలి. ఎంత పెద్దదో చెప్పేవాళ్ళు మా ఊళ్ళో లేరు.

చేత్తో కొద్దికొద్దిగా తొలిచాను. సాయంత్రాలు వరి మళ్ళ పక్క రోడ్డు మీద ఇర్మా నడిపేది, నేను పక్కన కూర్చునేవాణ్ణి. ఆగి ప్లగ్గులు విప్పి చూసేవాణ్ణి. తెల్లగా ఉండేవి. పెట్రోలు బండికి ప్లగ్గు తెల్లగా ఉంటే ఇంధనం చాలట్లేదని అర్థం. ఇంకా తొలిచేవాణ్ణి. మళ్ళీ తెలుపే. మళ్ళీ తొలిచేవాణ్ణి.

"ఏమయ్యా, ఇది పరిగెత్తడం మానేసి మింగుతోంది," అంది ఇర్మా ఒకరోజు.

"ప్లగ్గు తెల్లగా ఉంది."

"ప్లగ్గు సంగతి నాకు తెలీదు. కాలు నొక్కితే గొంతుకి అడ్డం పడినట్టు పొలమారుతోంది. పోయిన వారం ఇలా లేదు. పోయిన వారం మూడో గేర్లో నా తల వెనక్కి కొట్టింది."

ఇంటికొచ్చి ఆలోచించాను. ఆల్కహాల్‌కి మసి రాదు. వంటింట్లో ఇర్మా పొయ్యి తుడవగా మిగిలిన ఆల్కహాల్ వెలిగించి గిన్నె పెడితే అడుగు నల్లబడదు కదా. ఇక ప్లగ్గు నల్లబడేదెక్కడ. నేను రాని రంగు కోసం చూస్తున్నాను. జెట్లు సీసంతో పూడ్చి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ప్లగ్గులు చూడలేదు. ఇర్మా తల చూశాను. అది సీటుకి గట్టిగా కొట్టుకున్న రోజు డ్రిల్లు పక్కన పెట్టాను.

ఆమె బండి పక్కకి ఆపి స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి కూర్చుంది.

"ఇంకోసారి పోదామా?" అంది.

పోయాం. ఆ సాయంత్రం ఎన్నిసార్లు పోయామో.

చివరగా ఒక పని చేశాను. ఆ ఇంజనులో పొగ గొట్టం వేడి పక్కనున్న మ్యానిఫోల్డుకి తగులుతుంది. గాలీ ఇంధనమూ కలిసి సిలిండర్లలోకి పోయే గొట్టం అది. ఆ రెంటి మధ్యా రేకు పెట్టి వేడి తగలకుండా మూసేశాను. లోపలికి పోయేది ఎంత చల్లగా ఉంటే అంత ఎక్కువ పడుతుంది, అంత బలం. కాని చలి పొద్దున అసలే ఆల్కహాల్ ఆవిరి కాదు, బండి లేవదు. అందుకే ఆల్కహాల్ కార్లన్నిటికీ ఇంజను పక్కన చిన్న పెట్రోలు డబ్బా ఉంటుంది. మొదట నాలుగు చుక్కలు పెట్రోలు చిమ్మితే అంటుకుంటుంది, ఆ తర్వాత చెరకు పని. మేమూ ఒక డబ్బా పెట్టుకున్నాం.

పందెం రోజు ఏరోక్లబ్ గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది. మిల్లు జనమంతా వచ్చారు. ఒక పక్క బానలో పిన్యావ్, అంటే పైన్ చెట్టు గింజలు, ఉడుకుతున్నాయి. ఎవరి చేతిలో చూసినా మాతే ఆకు టీ కప్పు, అందులో పోసుకోవడానికి చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు.

ఏరోక్లబ్ కాపలాదారు ఓస్నీ జెండా పట్టుకుని చెప్పాడు. "గాలి దిక్కు చూపే సంచి కర్ర దగ్గర మొదలు, విమానాల హ్యాంగర్ దగ్గర గీత. పిలిచినప్పుడు ఎవరి బండి వాళ్ళ తాళంతోనే లేవాలి. తోయడాలు లేవు. మూడుసార్లు పిలుస్తా. అప్పటికీ రాకపోతే ఓడినట్టే."

వాల్మోర్ మా బానెట్ ఎత్తి చూశాడు. చిన్న డబ్బా మీద వేలితో కొట్టాడు.

"బావా, ఇదేంటి?"

"పెట్రోలు. చలికి."

"అదేంటి బావా. చెరకు బండి అని ఊరంతా చెప్పుకుంటున్నారు, చంటిపిల్లకి పాలు పట్టినట్టు చాటుగా పెట్రోలు పట్టిస్తున్నారా?" జనం వైపు తిరిగాడు. "ఇందులో నా పెట్రోలు ఒక్క చుక్క ఉన్నా గెలుపు నాదే అవుతుంది కదండీ?"

నవ్వులు. ఎవరో, "తాగుబోతు బండికి మజ్జిగ పొయ్యండి," అన్నారు.

ఇర్మా చెవులు ఎర్రబడ్డాయి. "తీసెయ్, లీనో."

"ఇర్మా."

"తీసెయ్యమన్నానా."

డబ్బా విప్పి గడ్డి మీద వంచేశాను. ఇంజను ఇంటి నుంచి వచ్చిన వేడి మీదే ఉంది, నడుస్తూనే ఉంది, పరవాలేదనుకున్నాను.

అప్పుడు నది మీద నుంచి పొగమంచు లేచింది. రన్‌వే కనపడలేదు. అంతలో పైన ఎక్కడో విమానం చప్పుడు. ఓస్నీ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అన్ని బండ్లూ ఆపండి. వాడెక్కడున్నాడో నాకు వినపడాలి."

ఇర్మా నా వైపు చూసింది. తాళం తిప్పింది. ఇంజను ఆగింది.

విమానం తిరిగింది, తిరిగింది, చివరికి దిగకుండా వేరే ఊరికి పోయింది. పొగమంచు మాత్రం వెంటనే పోలేదు. నేను మ్యానిఫోల్డు మీద చెయ్యి పెట్టి ఉంచాను. గోరువెచ్చదనం పోయింది. చల్లబడింది. ఐసులా అయింది.

ఎండ వచ్చింది. ఓస్నీ జెండా ఎత్తాడు. "వాల్మోర్, ఇర్మా. మొదటి పిలుపు."

ఎర్ర ఒపాలా ఒక్క తిప్పుకి లేచింది. మా ఇంజను తాళం తిప్పితే ఊరికే గిర్రున తిరిగింది. తిరుగుతూనే ఉంది. తుమ్ము కూడా లేదు.

"పడుకుందిరా," అన్నారెవరో. "రాత్రి ఎక్కువైనట్టుంది."

"లీనో," అంది ఇర్మా. అంతే. ఆమె ఏం చూస్తోందో నాకు తెలుసు. విప్పేసిన ఇంజను, డొక్కులో కోళ్ళు.

నేను బానెట్ ఎత్తాను. జనం వైపు తిరిగి, "వేడినీళ్ళు," అన్నాను.

నేను అంత గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదనుకుంటాను. ఒక్క క్షణం అందరూ చూశారు. తర్వాత మిల్లులో ఇర్మా పక్కన కుట్టే ఆవిడ ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. ఆమె వెనక ఇంకొకతను, ఇంకొకతను. ఇర్మా మెళ్ళో ఉన్ని మఫ్లర్ లాగి ఇచ్చింది. దాన్ని మ్యానిఫోల్డుకి చుట్టి నీళ్ళు పోశాను. ఆవిరి మొహం మీదికి కొట్టింది.

"తిప్పు."

ఒకసారి దగ్గింది. ఆగింది.

"ఇంకా కావాలి," అన్నాను. ఫ్లాస్కులు తిరగేశారు. అప్పటికే సగం సగం తాగేసినవి. అడుగున నాలుగు చుక్కలు తప్ప ఏమీ లేవు.

"రెండో పిలుపు," అన్నాడు ఓస్నీ.

బ్యాటరీ నీరసించి ఇంజను మెల్లగా తిరుగుతోంది. ఇర్మా పెదవి కొరుక్కుంటోంది. అప్పుడు ఎర్ర కారు తలుపు చప్పుడైంది. వాల్మోర్ దిగి వచ్చాడు. చేతిలో ఫ్లాస్కు.

"నిండా ఉంది. ఇంకా మూత తియ్యలేదు."

ఇర్మా అనుమానంగా చూసింది. "అందులో ఏం కలిపావురా?"

"అక్కా, చచ్చిన బండిని గెలిచానని రేపు మిల్లులో ఏ మొహంతో చెప్పుకోను? పొయ్యి బావా, ఓస్నీ నోరు తెరుస్తున్నాడు."

పోశాను. నిదానంగా, మఫ్లర్ అంతా తడిసేలా. చేతులు కాలాయి. "మూడో..." అని ఓస్నీ మొదలుపెట్టాడు, ఆ మాట చాలా సాగదీశాడు.

"తిప్పు."

దగ్గింది. మళ్ళీ దగ్గింది. రెండు సిలిండర్లు అంటుకున్నాయి, నాలుగు, తర్వాత ఆరూ ఒక్కసారి గొంతెత్తాయి. జనం కేకలకి పిన్యావ్ బాన దగ్గర కుక్కలు లేచి మొరిగాయి. మఫ్లర్ లాగేసి బానెట్ మూశాను.

పక్కపక్కన నిలబడ్డాయి. ఎడమ వైపు మాది, మామగారి పాలరంగు కారు, తలుపుల మీద వరద గీత ఇంకా పోలేదు. కుడివైపు ఎర్రది. జెండా దిగింది.

ఎర్రది ముందు దూకింది. మాది చలికి ఇంకా కాస్త తడబడుతూ వెనక పడింది. బండి పొడవంత వెనక. నాకు కనపడేది వెనక అద్దాలే, కాబట్టి చెవి పెట్టాను. రెండో గేరు. ఇంజను తడబాటు వదిలింది. ఇంధనం చల్లగా, నిండుగా లోపలికి దిగుతున్న చప్పుడు నాకు తెలుసు. మూడో గేరు పడింది. ఆ గొంతు వరి మళ్ళ రోడ్డు మీద నేను విన్నదే. ఇర్మా తల సీటుకి కొట్టుకునే ఉంటుంది. రెండు కార్ల వెనక దీపాలు ఒక్క వరసలోకి వచ్చాయి. మా పక్కనున్న ఆవిడ నా భుజం పట్టుకుని నొక్కుతోంది.

హ్యాంగర్ దగ్గర గీత మీద ఓస్నీ భార్య నిలబడి ఉంది. ఎవరు గెలిస్తే ఆ వైపు చెయ్యి ఎత్తాలి. రెండు కార్లూ ఆమెని దాటాయి. ఆమె చెయ్యి ఎత్తలేదు. కార్లు పోయిన వైపు చూసింది, నేల మీది గీత చూసుకుంది.

మా బండి వైపు చెయ్యి లేచింది.

ఎవరో నన్ను ఎత్తేశారు. దించేదాకా కాళ్ళు నేలకి ఆనలేదు.

ఇర్మా తిరిగి వచ్చి దిగలేదు. కిటికీలోంచి చెయ్యి చాపి తలుపు మీద వరద గీతని అరచేత్తో రాసింది. వాల్మోర్ వచ్చి మా బానెట్ ఎత్తాడు. కార్బురేటర్ కింద, ఆవిర్లు కక్కిన ఆ గొట్టం మీదే, తెల్లగా మంచు పట్టింది. వేలు పెట్టి చూశాడు.

"పరిగెత్తిన ఇంజను మీద మంచేంటి బావా?"

"చెరకు," అన్నాను.

బానెట్ మూశాడు. "పుంజుకి నా పేరు తప్పింది," అన్నాడు.

"పుంజుని ఎలాగూ కొంటాను," అంది ఇర్మా.

మర్నాడు మిల్లు సైరనుకి ముందే లేచి నీళ్ళు కాచాను. వాల్మోర్ ఫ్లాస్కు కడిగి నిండా పోశాను. కొండెక్కి వెళ్తే అతని షెడ్డు తలుపు తెరిచి ఉంది. ఎర్ర కారు బానెట్ ఎత్తి ఉంది, పక్కన నేల మీద ఆల్కహాల్ డబ్బా. అతను కార్బురేటర్ విప్పి, ఇత్తడి జెట్టుని వెలుగుకి ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూసి చూస్తున్నాడు. ఫ్లాస్కు మడ్‌గార్డు మీద పెట్టి, చొక్కా జేబులోంచి డ్రిల్లు ముక్కలు తీసి, సరైన సైజుది అతని చేతిలో పెట్టాను.