కాటా ఎక్కిన పెళ్లికూతురు

మా అత్తగారు ఆ ఉదయం ఆరు స్వెట్టర్లు, వాటిమీద కోటు వేసుకుని విమానాశ్రయానికి బయల్దేరింది. చిన్న విమానం కదా, పెట్టె కాస్త బరువెక్కినా ఊరుకోరని ఎవరో చెప్పారట. ఒంటిమీదున్నది ఎవరు తూస్తారని ఆవిడ ధీమా.

అరవై దాటిన ఆవిడకి ఆ మధ్యాహ్నం రిజిస్టరు పెళ్లి. పెళ్లికొడుకు అవతలి ఊళ్లో కళ్లజోళ్ల షాపాయన. ఇదివరకు రెండుసార్లు తేదీ పెట్టుకుని, ఒకసారి తలనొప్పని, ఇంకోసారి వానొచ్చేలా ఉందని ఎగ్గొట్టింది. ఈసారీ రాకపోతే ఇక అడగనని ఆయన మర్యాదగానే చెప్పాడు. రోజుకి ఒకటే విమానం. అందుకని మా వైపు సాక్షి సంతకాలు పెట్టాల్సిన నేనూ మా ఆవిడా చెరో పక్కన కాపలాగా బయల్దేరాం.

ఆ విమానాశ్రయం మా ఇంటి హాలుకంటే కాస్త పెద్దది, అంతే. ఒకే కౌంటరు, దాని వెనక ఒక్కతే అమ్మాయి, పక్కన నేలమీద వెడల్పాటి కాటా. పెట్టెలు తూచాక, "మీరు కూడా ఎక్కండమ్మా," అంది.

అత్తగారి ముఖం మాడిపోయింది. "మనుషుల్ని కూడా తూస్తారా?"

"పన్నెండు సీట్ల విమానమండీ. అందరి బరువూ కలిపి చూసుకోవాలి."

అంకె చూసి మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బట్టలు ఇక్కడే వదిలేస్తానని చెప్పి అత్తగారు ముందు కోటు విప్పింది. తర్వాత ఒక్కో స్వెట్టరూ విప్పి నా చేతుల్లో పడేస్తుంటే వెనక లైన్లోవాళ్లు పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆరోది ఊడేసరికి చప్పట్లు. నేను నవ్వాపుకోలేక చచ్చాను.

అయినా మొత్తంమీద బరువు ఎక్కువే తేలింది. "ఎవరో ఒకరు ఆగాలండీ," అంది కౌంటరమ్మాయి.

అత్తగారు టక్కున చెయ్యెత్తింది. "నేనాగుతా. ఈ వయసులో నాకిదంతా ఎందుకని మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా."

గొంతు హుషారుగానే ఉంది, పెదవులు మాత్రం వణుకుతున్నాయి. తలనొప్పీ వానా అయిపోయాయి, ఇప్పుడు కాటా దొరికింది. నాకు ఒళ్లు మండింది.

"అత్తయ్యా, ఇక్కడ అందర్లోకీ బరువైనవాణ్ణి నేనే. నేనాగుతా."

"మరి రెండో సాక్షి సంతకం?" అంది మా ఆవిడ.

తలుపు దగ్గర నిలబడి అంతా వింటున్న పైలట్ గొంతు సవరించుకున్నాడు. "నేను పెడతాలెండి. సాయంత్రందాకా నాకక్కడ పనేం లేదు."

లైన్లో మళ్లీ చప్పట్లు. అత్తగారు ఇంకో సాకు కోసం నాలుగువైపులా చూసింది. ఏదీ దొరకలేదు.

"నాకు భయంగా ఉంది బాబూ," అంది చివరికి, చిన్నపిల్లలా.

"తెలుసత్తయ్యా. అయినా ఎక్కండి."

ఎక్కింది. విమానం పరిగెత్తి, గాల్లోకి లేచింది. నేను కంచె దగ్గర పిచ్చివాడిలా గెంతుతూ చేతులూపాను, స్వెట్టర్లన్నీ నేలపాలయ్యాయి. నవ్వొస్తోంది, కళ్లనీళ్లూ వస్తున్నాయి.

కౌంటరమ్మాయి వచ్చి వాటిని ఏరుతూ, "పాపం, పెళ్లి చూడలేకపోయారు," అంది.

"పోనీలేమ్మా," అన్నాను. "ఆవిడ మెట్లెక్కడం చూశానుగా."