బెల్లం పొయ్యి ఆర్పిన రోజు

కారు చోడవరం దాటి బుచ్చయ్యపేట రోడ్డెక్కేసరికి రూపాదేవి మరోసారి వాచీ చూసుకుంది. విశాఖలో ముగ్గురే మనుషులున్న అధ్యయన సంస్థ ఆమెది. పొగ తగ్గించే పనులకు విదేశాల నుంచి వచ్చే వాతావరణ నిధి అంతా పెద్ద ఫ్యాక్టరీలకే పోకూడదు, బెల్లం వండుకునే చిన్న రైతులకూ అందాలి అని రెండేళ్లుగా ఢిల్లీకి రాస్తోంది. ఆ వాదనకు ఉన్న సాక్ష్యం ఒక్కటే, కొండబాబు అనే రైతు పొలంలో కట్టించిన కొత్త పొయ్యి. దానికి కట్టెలు అక్కర్లేదు, చెరకు పిప్పి చాలు. పొగ సగానికి సగం తక్కువ. అది మండుతుంటే చూసి రాయడానికే నిధి అధికారి పక్కన కూర్చున్నాడు. ఆయన కాదంటే ఇక ఈ సంగతి ఎత్తేవాడుండడు.

"గంటలో బయల్దేరాలి, విమానం ఉంది," అన్నాడాయన ఇంగ్లీషులో.

కారు దిగుతూనే రూపాదేవి పొయ్యి పొగగొట్టం వైపు చూసింది. పొగ లేదు. పొయ్యి చుట్టూ ముగ్గులు పెట్టి ఉన్నాయి. పెనం తోమి బోర్లించారు.

"మంటేది కొండబాబూ?" ఎదురొచ్చిన రైతును అడిగింది.

"నిన్ననే ఆర్పేసేనమ్మా. పెద్దోళ్లొస్తన్నారు, అంతా శుభ్రంగా ఉండాలని మీరే కదా సెప్పేరు! పొగ ఆయన కళ్లల్లో పడితే మనకేటి మర్యాద? బూడిదంతా ఎత్తించి, లోపల కూడా పేడతో అలికించేను."

"ఇప్పుడు వెలిగించలేమా?"

"తడారాల కదమ్మా. సాయంత్రం ఎలిగిస్తాన్లెండి, మీరు కంగారు పడకండి."

ఢిల్లీకి పేజీలకు పేజీలు రాసిన తను, అధికారి ఏం చూడ్డానికొస్తున్నాడో కొండబాబుకు ఒక్క ముక్క చెప్పలేదు. రూపాదేవికి తన మీద తనకే ఒళ్లు మండింది.

అధికారి వంగి పొయ్యిలోకి తొంగిచూశాడు. "దీన్నసలు వాడుతున్నట్టు లేదే?"

"రోజూ మండుతుంది సార్. మీ గౌరవం కోసమే ఆర్పారు." ఆ మాట ఆమెకే అబద్ధంలా వినిపించింది. ఆయన మర్యాదగా నవ్వి, 'వాడకంలో లేదు' అని రాసుకున్నాడు.

కారెక్కుతుంటే కొండబాబు పరుగున వచ్చి ఆమె చేతిలో బెల్లం పొట్లం పెట్టాడు. మొహం వెలిగిపోతోంది.

"ఆయన ఒక్కసారైనా దగ్గలేదు, సూసేరా అమ్మా? మళ్లీ ఎప్పుడొస్తారో ముందే సెప్పండి. ఈసారి సుట్టుపక్కలోళ్ల పొయ్యిలు కూడా ఆర్పించేస్తాను."