పెద్దిరాజు ఎడమ మీసం

రోజూ తెల్లారేసరికి పెద్దిరాజు చద్దన్నం తిని, చెయ్యి కడుక్కుని, మీసం దువ్వుకుని ఏటి గట్టుకి వెళ్ళేవాడు. కాట్రేనికోన దిగువన ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర జనాన్ని దాటించే పెద్ద పడవకి చుక్కాని అతనిది. ఎగువన దొరలు గోదారికి అడ్డంగా రాళ్ళు పోయిస్తున్న రోజులవి. మొగలో ఇసక తిన్నె మాత్రం ఏ దొరకీ జడవకుండా మధ్యలో పడుకుని ఉండేది. దానికి అటో పాయ, ఇటో పాయ. సముద్రం లోపలికి ఎక్కుతుంటే పోటు, అప్పుడు ఉత్తరప్పాయ. నీరు వెనక్కి లాగుతుంటే పాటు, అప్పుడు దక్షిణప్పాయ. పెద్దిరాజు నీళ్ళకేసి చూసి ఆ రెండు మాటల్లో ఒకటి అరవాలి, పొడుగాటి వెదురు గెడలు పట్టినవాళ్ళు దాన్నిబట్టి తొయ్యాలి. ఆలోచనకి రెండు రెప్పపాట్ల తీరిక ఉండేది. పెద్దిరాజు ఒక్కదాంతోనే సరిపెట్టేవాడు.

"నా నోరు నాకంటే ముందు పుట్టిందండీ. దాని వెనకాల నేను నడుచుకుంటూ వచ్చేను," అనేవాడు.

పొరపాటు మాట అన్నప్పుడు అతని ఎడమ మీసం వాలిపోయేది. నిమ్మకాయ నిలబెట్టే మీసం, తడిసిన కొబ్బరిపీచులా పెదవి మీద పడేది. ఊళ్ళో ఎవరూ దాన్ని వింతగా చూసేవారు కాదు.

"గేదెని కట్టేసేవా, మావా?" అని అడిగేది పెళ్ళాం వరహాలమ్మ.

"కట్టేసేనే."

ఆవిడ అతని మొహంకేసి ఓసారి చూసి, పలుపు తీసుకుని దొడ్లోకి వెళ్ళిపోయేది. తెలిసి అబద్ధమాడితే మాత్రం మీసం కదిలేది కాదు. కల్లు తాగొచ్చి "తాగలేదే" అన్నప్పుడు కత్తిలా నిలబడేది. ఆ సంగతిలో వరహాలమ్మకి దానిమీద కొంచెం కోపం ఉండేది.

ఓ అమావాస్యనాడు, పాటు వేళ, పెద్దిరాజు "పోటు" అని అరిచేడు. మీసం వాలింది. గెడలింకా నీళ్ళలో పడలేదు, మాట మార్చుకోవచ్చు. కాని పడవలో అల్లవరం పెద్దలున్నారు. ఎడంచేత్తో మీసం పైకి మెలేసి, అలాగే పట్టుకుని, "తొయ్యండ్రా!" అన్నాడు. పడవ తిన్నె ఎక్కి ఒరిగింది. ధాన్యం బస్తాలు మునిగేయి. పెద్దలు మెడలోతు నీళ్ళలో నడిచి ఒడ్డుకి చేరేరు.

పడవ పెద్దింట్లమ్మగారిది. మొగుడు పోయాక పడవల పెత్తనం ఆవిడే చూసేవారు. "ఇంకొక్క తప్పు చేసేవంటే చుక్కాని సత్తియ్యకిచ్చేస్తాను. నువ్వు వలలు కుట్టుకుందువుగాని," అన్నారు.

సత్తియ్య పెద్దిరాజు మేనత్త కొడుకు. "వల కుట్టడానికి నోరక్కర్లేదు బావా, నీకు బాగుంటుంది," అన్నాడు ఆప్యాయంగా.

పెద్దిరాజు తండ్రీ తాతా చివరిదాకా చుక్కాని పట్టినవాళ్ళే. ఆ వారమంతా అతనికి అన్నం సయించలేదు.

తర్వాత అవతలి ఒడ్డున గుడి తీర్థం వచ్చింది. తిరుగుప్రయాణంలో నలభైమంది, చంటిపిల్లల్తో సహా, పడవ నిండా ఉన్నారు. మొగ దగ్గరికి వచ్చేసరికి పొద్దింకా ఉంది. సముద్రపు గాలి రేగింది. నురగ బారులు బారులుగా లోపలికి పరిగెడుతోంది.

"పోటు!" అని అరిచేడు పెద్దిరాజు.

గెడలు లేచేయి. మీసం వాలింది.

అతని చెయ్యి దానంతటదే మీసం దాకా వెళ్ళింది. పడవ ముందరి పలక మీద కూర్చుని పెద్దింట్లమ్మగారు అతనికేసే చూస్తున్నారు. ఆవిడ పక్కనే సత్తియ్య, చుక్కాని పట్టడానికి చేతులు తుడుచుకుంటున్నట్టే ఉన్నాడు. పెద్దిరాజు మళ్ళీ నీళ్ళకేసి చూసేడు. ఈసారి నురగని కాదు, నురగ కిందకి. కొబ్బరిమట్ట ఒకటి సగం మునిగి, గాలికి ఎదురుగా, సముద్రంకేసి పోతోంది. పైన పరిగెత్తేది గాలి. కింద ఏరు వెనక్కి లాగేస్తోంది.

మీసం వదిలేసి, రెండు చేతులూ చుక్కాని మీద వేసేడు.

"తప్పు! నాదే తప్పు! పాటు! పాటురోయ్!"

గెడలు గాల్లోనే తిరిగేయి. పడవ మూలిగి, తిన్నె అంచుని గీరుకుంటూ దక్షిణప్పాయలోకి జారింది. అవతల ఉత్తరప్పాయలో అప్పటికే ఇసక బయటపడి, దానిమీద కెరటాలు విరుచుకుపడుతున్నాయి. నలభైమందీ చూసేరు. ఎవరో ముసలాయన "గోవిందా!" అంటే పడవంతా అందుకుంది.

ఒడ్డున దిగేక సత్తియ్య గొంతు సవరించుకున్నాడు. "పెద్దింట్లమ్మగారూ, మాటంటే మాటే కదండీ. మొదట పోటన్నాడు. తప్పు తప్పే. చుక్కాని ఇప్పించండి."

"ఆయ్, నిజమేనండి. అన్నాను," అన్నాడు పెద్దిరాజు తల వంచుకుని.

పెద్దింట్లమ్మగారు సత్తియ్యని ఎగాదిగా చూసేరు. "ఏరా, నువ్వు తప్పు చేస్తే నీకేం వాలుతుంది?"

"నాకాండీ?" సత్తియ్య ఛాతీ విరుచుకున్నాడు. "పుట్టినకాణ్ణించీ నాకేదీ వాలింది లేదండి."

"మరి నువ్వు తప్పు చేసినట్టు నీకెప్పుడు తెలుస్తుంది?"

"పడవ దిగబడ్డాక తెలుస్తుందండి," అనేసేడు సత్తియ్య.

గట్టంతా గొల్లుమంది. నవ్వు ఆగేసరికి చుక్కాని ఎవరిదో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పెద్దింట్లమ్మగారు గెడలవాళ్ళ వైపు తిరిగి, "ఇవాళ్టినించి వాడు మాటన్నాక ఒక్క ఊపిరి ఆగి తొయ్యండ్రా," అన్నారు.

మర్నాడు మొగలో పెద్దిరాజు "పాటు!" అన్నాడు. గెడలు గాల్లో ఆగేయి. ఆ ఒక్క ఊపిరిలో అతను నురగ కిందకి చూసేడు.

"కాదు, పోటు!" అన్నాడు, మీసం ఇంకా వాలకుండానే.

గెడలవాళ్ళు కేకపెట్టి తోసేరు. పడవ ఉత్తరప్పాయలోకి, నిండు నీటి మీద, దూసుకుపోయింది.