చూసినవాళ్ల కవిత

ఉప్మాలో ఉప్పు వేసిందో లేదో సరోజకు రుచి చూసినా తెలియలేదు. నిరుటి కోతల నుంచి నాలుక అట్లాగే మొద్దుబారి ఉంది. నాలుకేమిటి, మనిషే మొద్దుబారింది. ముందుగదిలో భర్త, రిటైర్డ్ కెప్టెన్ సుధాకర్ రావు, రేపు టౌన్‌హాలు సభలో ఇవ్వబోయే ఉపన్యాసాన్ని గొంతెత్తి చదువుకుంటున్నాడు.

"ఒకప్పుడు యుద్ధం మీద పద్యాలల్లింది కత్తి పట్టని ఆస్థాన కవులు. ప్రపంచయుద్ధంలో సిపాయిలే కలం పట్టారు. బురద, పేలు, పక్కన కూలిన స్నేహితుడు, అన్నీ కవిత్వంలోకి వచ్చాయి. ఆ తర్వాత యుద్ధాన్ని పెళ్లి ఊరేగింపులా రాయడానికి ఎవరికీ నోరు రాలేదు. చూసినవాళ్లే చెప్పాలి!"

కెప్టెన్ గారు పటాలంలో ఉన్నన్నాళ్లూ పుణేలో బూట్ల, దుప్పట్ల స్టోరు చూసుకున్నారు. పింఛను దాకా తుపాకి ఎదురుపడనే లేదు. ఎదురుపడింది సరోజకు. అన్నలు, అదే నక్సలైట్లు, భూముల జోలికి వచ్చాక తమలాంటి దొరలంతా ఊళ్లు వదిలి జగిత్యాల చేరారు. కోతలకు మాత్రం ఆడవాళ్లను బస్సెక్కిస్తారు. "ఆడోళ్లను అన్నలు ఏమనరు" అని గడప దాటకుండానే ధైర్యం చెబుతారు. నిరుడు సొంతూరు పెగడపల్లి కల్లంలో అన్నల్లో ఒకడు ఆమె మెడకు తుపాకి ఆనించి "దొర ఏడున్నడు?" అని అడిగాడు. తెలియదని అబద్ధమాడి బయటపడింది. ఇంటికొస్తే అత్తగారు కౌసల్య అడిగింది ఒక్కటే: "వడ్లు ఎండినయా?" భర్త మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని, పెళ్లయ్యాక ఎన్నడూ లేనంత ప్రేమగా, "గొట్టం చల్లగుండెనా, వెచ్చగుండెనా?" అన్నాడు.

చల్లగా ఉందని, నూనె వాసన కొట్టిందని చెప్పింది. నెల తిరగకముందే అది ఆయన చేతిలో సరిహద్దు మీద ఒక సిపాయి చెప్పుకునే కవితయింది. అందులో మెడ ఆయనది. కాలేజీ పిల్లలు కంఠతా పట్టారు. కోరుట్ల పిల్లవాడొకడు ఆ కవిత విన్నాకే పటాలంలో చేరానని వచ్చి ఆయన కాళ్లకు మొక్కాడు. వాడికి చాయ్ సరోజే ఇచ్చింది. కోపం రావలసింది, రాలేదు.

ఉప్మా పళ్లెం అందుకుంటూ ఆయన అన్నాడు: "రేపు పొద్దుగాల బస్సుకు పెగడపల్లి పో. కోతలు షురువైనయట. నాకు సభ ఉన్నది."

సరోజ కొంగుకు చేతులు తుడుచుకుంది.

"కల్లానికి మీరు పోండ్రి. సభకు నేను పోత."

"నువ్వా? ఆడ ఏం జెప్తవ్?"

"చూసినోళ్లే చెప్పాలంటిరి గద. మీ కవితనే సదువుత. తుపాకి ఎవలి మెడ మీద పెట్టిన్రో, గది గూడ చెప్త."