ఒకే ఫ్లాట్‌లో వేరు కాపురం

నేను అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తులు జారిపోతాయి, ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. చదివేవాళ్ళు మన్నించాలి. రాయడం నేర్పింది మా కోడలు సుమలత. అప్పుడు ఆమె మా అబ్బాయి బాలు నుంచి విడాకుల కోసం ఎదురుచూస్తూ ఉంది. సాయంత్రాలు ఖాళీగా ఉండేది.

ఇద్దరివీ కంప్యూటరు ఉద్యోగాలే. ఈ పరాయి దేశంలో, టాంపినీస్ అనే పేటలో ఫ్లాట్ కొనుక్కున్నారు. మా ఆయన పోయాక నేనూ వచ్చి చేరాను. తొంభై తొమ్మిది మొదట్లో బాలుకు ఆఫీసులో ఇంకొకామెతో స్నేహం ఉందని సుమలతకు తెలిసింది. నిలదీస్తే ఒప్పుకున్నాడు. అయితే ఆ ఏడాది, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తారీఖు తెలియక ఆగిపోతాయని లోకమంతా హడలిపోతోంది. అవి ఆగకుండా చూసే పని సుమలతది. ముందు ఇది కానీ, తర్వాత అది చూద్దాం అనుకుంది. కంప్యూటర్లు ఆగలేదు. జనవరిలో నన్ను తోడు తీసుకుని లాయరు దగ్గరకు వెళ్ళింది.

లాయరు తమిళావిడ. అంతా విని, ఆలస్యం చేశారు అంది. భర్త సంగతి తెలిశాక ఆరు నెలలకు మించి కలిసి ఉంటే, ఇక కోర్టులో ఆ కారణం పనికిరాదట. నాలుగేళ్ళు విడిగా ఉంటే మాత్రం అతను ఒప్పుకోకపోయినా విడాకులు ఇస్తారట.

"ఫ్లాట్ ఇద్దరి పేరా ఉంది. నేనెందుకు బయటికి పోవాలి?" అంది సుమలత.

"పోనక్కర్లేదు. ఒకే ఇంట్లో కూడా విడిగా ఉండొచ్చు. వేరే గది. అతనికి వండకూడదు, బట్టలు ఉతకకూడదు, కలిసి తినకూడదు."

"నేను వండొచ్చా?" అని అడిగాను. సుమలత నా మాట ఇంగ్లీషులో చెప్పింది. లాయరమ్మ పుస్తకం తిరగేసి, చట్టంలో అత్తగారి ప్రస్తావన లేదు అంది.

అందుకని ఒకే పప్పు రెండు గిన్నెల్లో వండేదాన్ని. వాడు హాల్లో తినేవాడు, ఆమె ఆలస్యంగా వచ్చి నాతో వంటింట్లో తినేది. ఆ స్నేహితురాలు ఉద్యోగం మారి సిడ్నీ వెళ్ళిపోయింది. అప్పటినుంచి వాడికి ఇంటి మీద ప్రేమ పుట్టింది.

"అమ్మా, సుమకు నువ్వన్నా చెప్పు."

"ఏం చెప్పాలిరా?"

"మారానని."

"ఫ్రిజ్‌లో తన అరలో పెరుగు నువ్వే తిన్నావా?"

"ఆఁ."

"మరి ఏం మారావు?"

నాలుగేళ్ళు నిండాయి. సుమలత కేసు వేసింది. బాలు కూడా లాయరును పెట్టుకుని, మేము విడిగా లేనే లేము అన్నాడు. సాక్ష్యంగా ఒక ఫోటో ఇచ్చాడు. అది మా ఆయన తద్దినం నాటిది. విస్తరి ముందు బాలు కూర్చుని ఉన్నాడు, సుమలత వంగి గారె వడ్డిస్తోంది. కేసు ఆ గారె మీద ఆగింది. విడిగా లేరని తేలితే ఆమె మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాలి.

నన్ను సాక్షిగా పిలిచారు. నా మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి లత అనే అమ్మాయిని పెట్టారు. నెల్లూరు పిల్ల.

బాలు లాయరు ఫోటో చూపించాడు. "మీ కోడలు తన భర్తకు వడ్డిస్తోంది. అవునా?"

"కాదు. తద్దినం పూట ఆ విస్తరి వీడి నాన్నది. ఆయన రాలేడు కాబట్టి వీడు తిన్నాడు. కోడలు పిల్ల మామగారికి వడ్డించింది."

"తర్వాత అందరూ కలిసి భోంచేశారు కదా?"

"ఎక్కడ కలుస్తాం? మగవాళ్ళు తిని లేచాక మేమిద్దరం వంటింట్లో తిన్నాం. మా ఇంట్లో ఎప్పుడూ అంతే."

"ఎప్పుడూ అంటే?" అని జడ్జమ్మ అడిగింది.

"మా ఆయనతో నేను ఒక్క పూట కూడా కలిసి తినలేదమ్మా. ఆయన పడక అరుగు మీద, నాది లోపల. కోపమొస్తే నెలల తరబడి మాటల్లేవు. మీ లెక్కన మేం పెళ్ళయినప్పటినుంచీ విడిగానే ఉన్నాం."

లత నావైపు చూసింది. "అంతా చెప్పమంటారా ఆంటీ?"

"చెప్పు. నీదేం పోయింది."

చెప్పింది. జడ్జమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మరి మీరిద్దరూ భార్యాభర్తలని మీకెలా తెలిసేది?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. "ఆయనకు జ్వరమొస్తే నాకు నిద్ర పట్టేది కాదు," అన్నాను.

"వీళ్ళిద్దరి సంగతీ అంతేనా?"

బాలు నన్నే చూస్తున్నాడు. చిన్నప్పుడు పలక పగలగొట్టి అలాగే చూసేవాడు.

"కిందటేడు వీడికి డెంగీ వచ్చి ఆస్పత్రిలో పడ్డాడు. కోడలు పిల్ల నన్ను టాక్సీ ఎక్కించి, గంజి ఫ్లాస్కు చేతికిచ్చి పంపింది. తను రాలేదు. సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి సోఫాలో నిద్రపోతోంది. తలుపు తీసుకుని వచ్చినా లేవలేదు. గురక."

సుమలత తల దించుకుంది. బాలు లాయరు కాయితాలు సర్దుకుని, ఇక ప్రశ్నల్లేవు అన్నాడు.

విడాకులు ఇచ్చారు.

లిఫ్టులో ముగ్గురమే ఉన్నాం.

"గురక సంగతి ఎందుకత్తయ్యా?" అంది సుమలత.

"అడిగారుగా."

"నాకు గురక రాదు."

"వస్తుంది," అన్నాడు బాలు. నాలుగేళ్ళలో వాళ్ళిద్దరూ నా ముందు ఒకరికొకరు చెప్పుకున్న మొదటి మాట అది. ఆమె కోపంగా చూసింది గానీ కాదనలేదు. లిఫ్టు దిగాక ఆమె ట్రైనుకు వెళ్ళింది, మేము బస్సుకు.

ఫ్లాట్ అమ్మేశారు. తద్దినానికి ఇప్పుడు నేనూ బాలూ గారెలు వండుతున్నాం. వాడు చేసేవాటికి చిల్లు నిలవదు. మామూలు రోజుల్లో వాడు కంచం ముందు పెట్టుకుని నేను వచ్చేదాకా ఆగుతాడు. మొదట్లో నాకు మింగుడు పడేది కాదు, ఎవరో చూస్తున్నట్టుండేది. ఇప్పుడు ఒకే బల్ల దగ్గర ఇద్దరం తింటున్నాం.

కోటేశ్వరి, డెబ్బై ఒక్క ఏళ్ళు, బిషాన్ పేటలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను.