మందిరంలో పిచ్చుక

నేను ఒక ఆటపెట్టెను. ఎత్తు మూరెడు. ఒంటి నిండా టేకు చెక్క, ముందు చిన్న అరుగు, దాని మీద ఎర్ర గుండున్న హ్యాండిల్, పక్కన రెండు బటన్లు. హ్యాండిల్ తిప్పితే నా తెర మీద ఓ పిచ్చుక ఎగురుతుంది. బటన్ నొక్కితే గింజ ఏరుకుంటుంది. వల పడితే చచ్చిపోతుంది. దానికి మూడు ప్రాణాలు. నాకు తెలిసిన విద్య ఇంతే. ఇంత మాత్రపు దాని ముందు తెనాలిలో ఓ శ్రావణ శుక్రవారం నాడు పేరంటాళ్లు చేతులు జోడించి నిలబడ్డారంటే, ఆ అదురు నాకు ఇవాళ్టికీ తగ్గలేదు.

నా కడుపులో ఉన్న సర్క్యూట్ బోర్డు నా ఒంటికంటే చాలా పాతది. అది మొదట గుంటూరులో ఓ సినిమా హాలు పక్కన, రేకుల షెడ్డులో, నిలువెత్తు పెట్టెలో ఉండేది. ట్యూషన్‌కి వెళ్తున్నామని అమ్మలకు అబద్ధం చెప్పి పిల్లలు వచ్చేవాళ్లు. చెమట చేతులు, బజ్జీల నూనె చేతులు, సిరా చేతులు, అన్నీ నా హ్యాండిల్ మీదే. పిచ్చుక చస్తే తప్పు వాళ్లది కాదు, నాది. నెత్తి మీద ఒక్కటి చరిచేవాళ్లు. తర్వాత ఇళ్లల్లోకి కంప్యూటర్లొచ్చాయి, జేబుల్లోకి ఫోన్లొచ్చాయి. షెడ్డు మూతపడింది. నిలువెత్తు పెట్టెను పొయ్యిలోకి చీల్చారు. బోర్డు మాత్రం గోనెసంచిలో పడి, చేతులు మారి, విజయవాడలో ఓ పాత సామాన్ల కొట్టుకు చేరింది.

అక్కడ నన్ను చూసినది మృదుల. తెనాలిలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, ఇరవై ఏడేళ్ల పిల్ల. పాత వీడియో గేములు పోగుచేయడం ఆమె పిచ్చి. టీవీకి తగిలించే పసుపు క్యాసెట్లు, ఇటుకలు పేర్చే చేతి ఆటలు, నీళ్లలో రింగులు ఎగరేసే డబ్బాలు, అన్నీ ఆమె గదిలో అరల నిండా ఉన్నాయి. క్యాసెట్ ఆడకపోతే తీసి నోటితో ఊదుతుంది, అందరూ ఊదినట్టే. నన్ను మాత్రం ఊదలేదు. పళ్లు తోముకునే బ్రష్షుతో బోర్డు మీది చిప్పుల ఒక్కో కాలూ శుభ్రం చేసి, గుడ్డలో చుట్టి తెచ్చుకుంది. రోగుల చేతికి సూది గుచ్చేటప్పుడు కూడా అంత మెల్లగా గుచ్చుతుందో లేదో.

నాకు కొత్త ఒళ్లు కావాలని నాగేశ్వరాచారి దగ్గరికి వెళ్లింది. ఆయన నలభై ఏళ్లుగా దేవుడి మందిరాలు తప్ప మరొకటి చెయ్యలేదు. మృదుల కాగితం మీద బొమ్మ గీసి ఇస్తే, కళ్లజోడు ఎత్తి చూశాడు.

"పైన శిఖరం లేదేందమ్మా?"

"ఇది మందిరం కాదు బాబాయ్. ఆట ఆడుకునే పెట్టె."

"ఏదైతేనేం, బోడినెత్తితో పంపిస్తే నా పేరు పోదూ?"

శిఖరం పెట్టాడు. తామర రేకులు చెక్కాడు. దుమ్ము పడుతుందని ముందు రెండు చిన్న తలుపులు కూడా బిగించాడు, వాటికి చెరొక ఇత్తడి గంట. మృదుల చూసి తెల్లబోయింది, తర్వాత పడీపడీ నవ్వింది, చివరికి "ఇట్టాగే బాగుంది" అంది. ఆ మాట అనకుండా ఉంటే ఇంత జరిగేది కాదేమో.

ఇక మృదుల తల్లి సత్యవేణి సంగతి. ఏడో తరగతి దాకా చదివింది. లోకంలో జరగగల ప్రమాదాలన్నీ మాత్రం ఆమెకు కంఠతా వచ్చు. ఫోన్ మోగితే యాక్సిడెంటు, మోగకపోతే ఇంకా పెద్ద యాక్సిడెంటు. కూతురు నా స్విచ్ మీద చెయ్యి వేస్తే చాలు, వంటింటి గుమ్మంలోంచి కేక వినిపించేది: "షాక్ కొడుతుందే తల్లీ! చెయ్యి తుడుచుకో!" ఆమె నా దగ్గరికి ఎప్పుడూ వచ్చేది కాదు. కానీ కూతురు ఆడినంతసేపూ గరిటె పట్టుకుని ఆ గుమ్మంలోనే నిలబడేది. కూర మాడిన రోజులు కూడా ఉన్నాయి.

కరెంటు కంటే పెద్ద భయం ఆమెకు ఇంకొకటి ఉండేది. పెద్ద పిల్ల, ఉద్యోగం చేసే పిల్ల, ఆటబొమ్మలు పోగుచేస్తోందని నలుగురికీ తెలిస్తే మతి చెడిందంటారు. అందుకని ఎవరైనా వస్తే ఆ గది తలుపు దగ్గరికి వేసేది. "పుస్తకాల గదండీ" అనేది. మృదుల ఆ మాట విన్న ప్రతిసారీ అరలో ఏదో ఒకటి తీసి తుడుస్తూ కూర్చునేది.

ఆ శుక్రవారం వరలక్ష్మీవ్రతం. మర్నాడు విజయవాడలో పాత ఆటల ప్రదర్శన, నన్ను ముందు బల్ల మీద పెడతామని మృదులకు కబురొచ్చింది. ఏడాదిగా ఆమె ఎదురుచూసింది దానికోసమే. పొద్దున్నే నన్ను ఒకసారి ఆడించి చూసుకుంది. ఆ ఉత్సాహంలో స్విచ్ ఆపడం మరిచి, తలుపులు మాత్రం మూసి, సగం పూట డ్యూటీకి పరుగెత్తింది. సత్యవేణి బూరెలు వేసే హడావిడిలో ఎప్పటిలా గుమ్మంలోంచి తొంగి ప్లగ్గు చూసుకోలేదు. నేను తెర ఆర్పుకుని కునుకు తీస్తున్నాను.

మధ్యాహ్నం వాయనానికి పక్కింటి కామేశ్వరమ్మ, ఎదురింటి లలిత వచ్చారు. కామేశ్వరమ్మ పెద్దావిడ, వీధిలో ఏ పూజయినా ఆవిడ చెప్పినట్టే జరగాలి. చేతులు కడుక్కోవడానికి లేచి, ఒక తలుపు తోయబోయి ఇంకో తలుపు తోసింది. ఎదురుగా బల్ల మీద నేను. శిఖరం, తామర రేకులు, గంటలు.

"ఏందే సత్యా! ఇంత చక్కని మందిరం చేయించి ఈ గదిలో దాస్తావా? శుక్రవారంపూట దీపం కూడా లేదే!"

సత్యవేణి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అరల్లో ఉన్నవాటి మీదికి పెద్దావిడ చూపు పోకముందే ఏదో ఒకటి అనాలి.

"అవును పిన్నిగారూ... మందిరమే. ఇంకా విగ్రహం రాలేదు."

నా గుండె జారిపోయింది. గుండె లేకపోతే దాని స్థానంలో ఏముందో అది. ఒకప్పుడు పిల్లలు నా కోసం అమ్మలకు అబద్ధం చెప్పేవాళ్లు. ఇప్పుడు అమ్మే అబద్ధం చెబుతోంది.

"బొట్టన్నా పెట్టకుండా ఖాళీగా ఉంచుతారటే" అని కామేశ్వరమ్మ నా తలుపులు తీసింది. నల్లటి అద్దం చూసి పటానికేమో అనుకుంది. శిఖరానికి గంధం రాసింది. కుంకుమ వేలితో తీసుకుని, గుండ్రంగా కనబడ్డ మొదటి బటన్ మీద గట్టిగా అద్దింది.

నిద్రలో నొక్కితే నేనేం చెయ్యను? నాకు తెలిసిందే చేశాను. తెర భగ్గున వెలిగింది. నా ఆరంభ సంగీతం గది అదిరేలా మోగింది.

లలిత చేతిలో శనగల గిన్నె కింద పడింది. కామేశ్వరమ్మ రెండడుగులు వెనక్కి వేసి, రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

"అమ్మవారు! పలికిందే అమ్మవారు! నా వేలు తగలంగానే పలికింది!"

"అక్కా, వెలుగు చూడు! నాకు ఒళ్లంతా జలదరిస్తోంది!" అంది లలిత సత్యవేణితో.

నాకంటేనా! కామేశ్వరమ్మ దీపం కుందె తెచ్చి నా అరుగు మీదే పెట్టింది. నూనె ఒలికితే బోర్డు సంగతి అంతే. కర్పూరం వెలిగించింది. తెర ముందు మంట తిరుగుతుంటే లోపల పిచ్చుక ఒక్కతే నిలబడి ఉంది.

"విను సత్యా. ఇవాళ్టి నించి నలభై ఒక్క రోజులు దీన్ని కదిలించకూడదు. పూటా దీపం పెట్టాలి. సాయంత్రం వీధి వాళ్లందరికీ నేనే చెబుతాను."

సత్యవేణి ఊరుకుంటే చాలు. పిచ్చిపిల్ల ఇల్లు అన్న మాట పోయి అమ్మవారు పలికిన ఇల్లవుతుంది. రేపటి ప్రదర్శన ఒక్కటే పోతుంది.

అప్పుడే గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు. మృదుల. ల్యాబు బ్యాగు భుజం మీదే ఉంది. బటన్ మీద కుంకుమ, అరుగు మీద దీపం, మొక్కుతున్న చేతులు, అన్నీ చూసింది. అలా కొయ్యబారిపోయిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

"రా అమ్మా, మీ మందిరం పలికింది! చెప్పు, ఇందులో ఎవర్ని పెట్టాలనుకున్నారు?" అంది కామేశ్వరమ్మ.

మృదుల తల్లి వైపు చూసింది.

"అమ్మ ఏం చెప్పిందో అదేనండి."

అని, అరలో ఒక పాత క్యాసెట్ తీసి చున్నీ కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

అది చూసి సత్యవేణి ముందుకొచ్చి మొదట దీపం తీసి నేల మీద పెట్టింది.

"పిన్నిగారూ, తప్పు నాది. ఇది మందిరం కాదు. మా పిల్ల ఆడుకునే ఆటపెట్టె. ఇవన్నీ ఆటలే. చెప్పుకోడానికి సిగ్గేసి అబద్ధమాడాను."

లలితకు నవ్వొచ్చి పమిట నోట్లో కుక్కుకుంది. కామేశ్వరమ్మ మాత్రం ఎర్రబడింది.

"నేను గంధం రాసింది ఆటబొమ్మకా? ఇంత పెద్ద పిల్లకి ఆటబొమ్మలేందే? మతి గానీ చెడిందా?"

వచ్చేసింది. ఇన్నేళ్లు ఏ మాటకు భయపడి తలుపులు మూసిందో ఆ మాట వచ్చేసింది. పైకప్పు కూలలేదు. సత్యవేణి కూడా పైకి ఓసారి చూసింది, కూలలేదని నిర్ధారించుకోవడానికి కాబోలు.

"చెడలేదండీ. మీకు తెలవక గానీ అది తేలికైన పని కాదు. చూడండి."

వంటింట్లోంచి చెక్క పీట తెచ్చి నా ముందు వేసింది. దాని మీద ఎక్కి, కుడిచేతికి పొడి తువ్వాలు చుట్టుకుని, కళ్లు సగం మూసుకుని హ్యాండిల్ పట్టుకుంది. ఇన్నాళ్లకు మొదటిసారి. అయినా వల ఎటునుంచి వస్తుందో, గింజ ఎక్కడ పడుతుందో అన్నీ ఆమెకు తెలుసు. గుమ్మంలోంచి చూసి నేర్చుకున్న విద్య. మృదుల చేతిలో క్యాసెట్ ఆగిపోయింది.

"అమ్మా, నీకెట్టా వచ్చు?"

"మాట్లాడించకే! వల... అయ్యో, వల!"

పిచ్చుక చచ్చింది. రెండోసారీ చచ్చింది. ఇంట్లో మనిషి పోయినంతగా సత్యవేణి నోరు నొక్కుకుంది.

కామేశ్వరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. మంచినీళ్లు అడిగి తాగింది. గ్లాసు దించి, ముఖం అటు తిప్పుకునే అడిగింది:

"ఆ పిట్టకి ఇంకా ఎన్ని ప్రాణాలున్నాయి?"

"ఒకటండీ," అంది మృదుల.

"ఇట్టా జరుగు సత్యా. ఆ తువ్వాలు నాకియ్యి."

మర్నాడు విజయవాడలో నన్ను ముందు బల్ల మీదే పెట్టారు. నూనె చుక్క తగిలిన చోట అరుగు నల్లబడింది. బటన్ మీది కుంకుమ మృదుల తుడవలేదు, ఇప్పటికీ గీతల్లో ఎర్రగా ఉంది. పగలంతా ఎందరో వచ్చి ఆడారు. నా పక్కన సత్యవేణి, భుజం మీద పొడి తువ్వాలుతో. ఆడేవాళ్లందరి చేతులూ తుడిపించి గానీ ముట్టుకోనివ్వలేదు. వల వచ్చినప్పుడల్లా ముక్కూమొహం తెలియని వాళ్ల కోసం కూడా కేక వేసింది.

కళ్లజోడు పెట్టుకున్న ఓ పెద్దమనిషి వంగి, నా శిఖరం చూసి, గంట కదిపి అడిగాడు: "ఇదేందమ్మా, గుడిలాగుంది. ఎవరిది?"

సత్యవేణి అలవాటుకొద్దీ చుట్టూ ఓసారి చూసింది, ఎవరైనా వింటున్నారేమోనని. చాలామందే వింటున్నారు.

"మా అమ్మాయిది," అంది. "చేతులు తుడుచుకోండి ముందు."