మాదేశు చొక్కా, నా పచ్చ పావడ

మా అమ్మకు నాకంటే తమ్ముడు మాదేశంటేనే ఎక్కువ ప్రేమ. ఇది నా అనుమానం కాదు, పిక్కిలి ఊరంతా ఎరిగిన సంగతి. నాకు పదకొండేళ్ళు, తమ్ముడికి ఏడు. కొట్లాట వాడు మొదలుపెడతాడు, వీపు మీద దెబ్బ నాకు పడుతుంది. "పెద్దదానివి గదే తనుజా, నువ్వే తగ్గాల!" అంటుంది అమ్మ. ముందు పుట్టడం నా తప్పా?

మొన్న మా మేక రెండు పిల్లల్ని ఈనింది. తెల్లదాన్ని నాకి నాకి పాలిచ్చింది. నల్లది దగ్గరికొస్తే కుమ్మి తోసేసింది. నాకు కడుపు మండిపోయింది. చూశారా, మేకల్లోనూ ఇదే అన్యాయం!

అమ్మ మాత్రం కంగారు పడలేదు. పాత గుడ్డతో తెల్లపిల్ల ఒళ్ళు తుడిచి, అదే గుడ్డతో నల్లపిల్లను గట్టిగా రుద్దింది. "మేకకు వాసనే గుర్తు, పాపా," అనింది. సాయంత్రానికి నల్లది కూడా తోక ఆడిస్తూ పాలు తాగింది.

ఆహా, ఇంత సులువా అనుకున్నాను.

మరునాడు మాదేశు విప్పి పడేసిన బడి చొక్కా తీసుకున్నాను. అబ్బబ్బ, ఏం కంపు! చెమట, మామిడికాయ, ఉప్పుకారం. మెడకూ చేతులకూ బరబరా రుద్దుకుని, దాన్నే తొడుక్కున్నాను. గుండీలు పట్టలేదు. అమ్మ వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వెళ్ళి ఒళ్ళో తలపెట్టి కళ్ళు మూసుకున్నాను.

"ఏమే, తమ్ముని సట్ట నీకెందుకు?"

ఏడుపు తన్నుకొచ్చింది. "వాని వాసనొస్తే నన్ను గూడా ముద్దు చేస్తావని!"

అమ్మ జవాబు చెప్పేలోగా గడపలో మాదేశు ప్రత్యక్షమయ్యాడు. నా పచ్చ పావడ కట్టుకుని, నేల మీద ఈడ్చుకుంటూ వచ్చాడు. ముఖం నిండా నా పౌడరు.

"నీకేం వచ్చిందిరా రోగం?" అనింది అమ్మ.

"అక్కకైతే దినమూ తల దువ్వుతావు. ధర్మపురికి అక్కనే పిలుచుకొని పోతావు. నన్నెప్పుడన్నా పిలిచినావా?" వాడూ ఏడుపందుకున్నాడు.

అమ్మకు నవ్వాగలేదు. ఇద్దరినీ దగ్గరికి లాక్కుంది. "నేనేమన్నా మేకనా? కండ్లు మూసుకున్నా ఎవరు ఎవరో నాకు తెలీదా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో మాదేశు నన్ను మోచేత్తో పొడిచాడు. ఊరుకుంటానా, గిల్లాను. వాడు కెవ్వుమన్నాడు.

"పెద్దదానివి గదే!" అంటూ, నవ్వుకు నీళ్ళొచ్చిన కళ్ళు కొంగుతో తుడుచుకుంటూనే, అలవాటుకొద్దీ పచ్చ పావడ కట్టుకున్నవాడి వీపు మీద ఒక్కటిచ్చింది అమ్మ.

మా అమ్మ మీద నాకు ఎన్నడూ అంత ప్రేమ పుట్టలేదు.